రేకు మీద ఎనిమిది బెజ్జాలు

మన చరిత్ర రాసేవాళ్ళు శాసనాలు తిరగేశారు, కైఫీయతులు తిరగేశారు, గెజెటీర్లు తిరగేశారు. తప్పని మేమనం. కానీ బస్టాండు బయట వరసగా ఆగిన ఆటోల మీది రేకు ముక్కని ఆధారంగా ఎంచినవాళ్ళు తక్కువ. మా చేతిలో అలాంటి రేకు ఒకటుంది. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. నీలం ఎనామిల్ మీద తెల్లగా 'జై భీమ్'. ఎడమపక్క కళ్ళజోడు, కోటు, ఎర్ర టై మిగిలాయి, మొహం అరిగిపోయింది. మూలకొకటి చొప్పున నాలుగు బెజ్జాలుండాలి. ఎనిమిదున్నాయి.

ఈ రేకు మా పెదనాన్నది. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నంలో ముందు రిక్షా తొక్కాడు, తర్వాత ఆటో తోలాడు.

బండి సంగతి ముందు చెప్పుకోవాలి. 1901లో తండ్రిని చూడటానికి బయల్దేరిన చిన్నపిల్లవాడు భీమ్‌రావును, తోటి పిల్లలను మసూర్ స్టేషన్లో బండివాళ్ళు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి తీసుకుని, పిల్లలే బండి తోలుకునేట్టు, తాను పక్కన నడిచేట్టు ఒకడు ఒప్పుకున్నాడు. 1929లో అదే మనిషి ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా చాలీస్‌గావ్ వెళితే, టాంగావాళ్ళు బండి అద్దెకిస్తామన్నారు గానీ తోలమన్నారు. తోలటం రాని మహర్ ఒకతను పగ్గాలు పట్టాడు. దారిలో టాంగా దెబ్బతిని అంబేద్కర్ కింద పడ్డాడు, కాలు విరిగింది. బండిలో ఎవరు కూర్చోవాలి, ఎవరు తోలాలి అన్నది మన దేశంలో ఎన్నడూ రవాణా సమస్య మాత్రమే కాదు. బండి మీద ఏం రాయాలన్న తగువు దాని తర్వాతది.

పేరు తగువు దానికన్నా పాతది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన 'పంచమ' మాట వద్దని, ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు మనవాళ్ళు. 1942లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌తో నీలం జెండా వచ్చింది. ఈ రెండూ, అంటే మన పేరు మనమే పెట్టుకోవటమూ నీలం రంగూ, మా పెదనాన్న రేకు మీద కలిశాయి. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన రెండో తరగతితో ఆపేశాడు.

రేకు చేసింది పేటలోనే ఉన్న పెయింటరు. మేము వెళ్ళి అడిగితే పని మొత్తం చేతుల్తో చూపించాడు. పాత నూనె డబ్బా విప్పి, సుత్తితో చదును చేసి, కత్తెరతో కోసి, చెయ్యి తెగకుండా అంచులు మడుస్తారు. గరుకు కాగితంతో రుద్ది రెడ్ ఆక్సైడ్ పూస్తారు. అదారాక నీలం రెండు చేతులు. సుద్ద రాసిన దారం లాగి గీత కొట్టి, దాని మీద అక్షరం నిలబెడతారు. బొమ్మకి పాత ఎక్స్‌రే ఫిలిం కడిగి స్టెన్సిల్ కోస్తారు. తల, కోటు, టై, ఒక్కో రంగుకి ఒక్కో స్టెన్సిల్. కళ్ళజోడు మాత్రం ఆయన సన్న బ్రష్షుతో చేత్తోనే వేసేవాడు. "అది కుదిరితే బాబాసాహెబు వచ్చినట్టే," అన్నాడు.

"బెజ్జాలు ముందే పెట్టాల తమ్ముడూ. రంగేసినాక పెడితే పెచ్చు లేస్తది, ఆణ్ణించే తుప్పు." బోల్టు కింద సైకిల్ ట్యూబు కోసి వాషరు వేస్తారట, బండి అదురుకి రేకు చీలకుండా.

మరి బండి మీదే రాసుకోవచ్చు గదా, రేకెందుకు? ఈ ప్రశ్న మేము చాలా ఆలస్యంగా అడిగాం. చదువుకున్నవాళ్ళం గదా, అక్షరాలు చూశాం గానీ బోల్టులు చూడలేదు. ఆటో ఆయనది కాదు. రోజువారీ అద్దె. ఒంటి మీద రాస్తే యజమాని ఊరుకోడు. రేకైతే విప్పుకుని పోవచ్చు.

మొదటి నాలుగు బెజ్జాలు అంబేద్కర్ శతజయంతి నాటివి, 1991 ఏప్రిల్‌వి. ఆగస్టు 6న చుండూరులో మాలల్ని నరికి చంపారు. ఎనిమిదిమంది. ఆ వారంలోనే ఆటో యజమాని "బేరం పోద్ది, తీసెయ్" అన్నాడు. ఆ యజమాని బండి మీద ఆయన ఇంటిపేరు, కులం తోక పెద్దక్షరాల్లో ఉండేవి. వాటివల్ల బేరం పోలేదు. పెదనాన్న రేకు విప్పి సీటు కింద పెట్టాడు. విప్పాడే గానీ పారెయ్యలేదు.

తర్వాత రెండు బెజ్జాలు 1996వి. అప్పు చేసి సొంత ఆటో కొన్నాడు. సొంతమంటే, బండి మీద మొదట పడిన పేరు ఫైనాన్సు వాళ్ళది. మంచి చోటు దానికే పోయింది. మిగిలిన చోట పాత బెజ్జాలు కుదరక మధ్యలో కొత్తవి కొట్టారు. పెయింటరు చెప్పినట్టే వాటి చుట్టూ పెచ్చులూడి తుప్పు పట్టింది. చివరి రెండూ మరో ఆటోవి.

ఈ మధ్యకాలంలో ఇంకో మార్పు జరిగింది. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక, తిట్టుగా వాడిన మాటని పేరు చివర తగిలించుకుని బండ్ల మీద రాయించుకున్నారు మాదిగ యువకులు. మా పేటలో దానికి జవాబుగా రెండోవైపు నుంచీ రేకులు వచ్చాయి. స్టాండులో ఆటోలు రెండు వరసలయ్యాయి. దీన్ని దాచిపెట్టి ఆత్మగౌరవం మాత్రమే రాస్తే అది చరిత్ర కాదు. ఆ రెండు రకాల రేకులూ చేసింది మాత్రం ఒకే పెయింటరు, ఒకే డబ్బా నీలంతో. ఆయన నవ్వి ఊరుకున్నాడు, మేమూ రెట్టించలేదు.

2025 సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు తీర్పు వెంట ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వాహనాల మీది కులం పేర్లు తీసెయ్యాలని ఉత్తర్వు ఇచ్చింది. కులగర్వం బండెక్కి ఊరేగటం మాకూ ఇష్టం లేదు. అయితే యజమాని తోకనీ, దాని కింద ఎదిరించి నిలబడ్డ పేరునీ ఒకే గీకుడుతో చెరిపితే, రాయకుండానే అందరికీ తెలిసే కులం ఎవరిదో వాడికి పోయేదేమీ లేదు. 'జై భీమ్' కులం పేరా, నినాదమా అన్నది రోడ్డు మీద ఆపిన కానిస్టేబులు తేలుస్తాడా?

పెయింటరు ఇప్పుడు పని మానేశాడు. ముందు రేడియం స్టిక్కర్లు బేరం తగ్గించాయి. 2019 నుంచి కొత్త బండ్లకి హై సెక్యూరిటీ ప్లేట్లు వచ్చి నంబర్లు రాసే పనీ పోయింది. బ్రష్షులు అట్టపెట్టెలో ఉన్నాయి. రేకు మీద బాబాసాహెబు మొహం మళ్ళీ వేస్తానన్నాడు. పెదనాన్న కొడుకు ఒప్పుకోలేదు. ఆ మొహం అరిగింది ఎండకీ వానకీ కాదట. పొద్దున్నే బండి తీసే ముందు నాన్న రోజూ గుడ్డతో తుడిచేవాడట.