రాజు మాట, కొనుక్కున్న కుర్చీలు

కిందటేడు వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని పారిస్ వెళ్ళి, అందరిలాగే వెర్సాయ్ రాజభవనం కూడా చూసొచ్చాం. అద్దాల హాల్లో మా అమ్మాయి, "రాజ్యమంటే నేనే అన్నది ఈయనేనా నాన్నా?" అనడిగింది. పద్నాలుగో లూయీ ఆ మాట అన్నాడనడానికి సరైన ఆధారం లేదు. నిరంకుశ రాజరికం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆయనే కాబట్టి ఆ మాటా ఆయనకే అతుక్కుపోయింది.

నాకు మాత్రం ఆ అద్దాలకంటే ఆయన చిన్ననాటి రాత్రి ఒకటి ఎక్కువ గుర్తుంటుంది. 1651 ఫిబ్రవరి. పన్నెండేళ్ళ లూయీని తల్లి రహస్యంగా పారిస్ దాటించేస్తోందని పుకారు పుట్టింది. జనం మహలు మీదికొచ్చారు. గత్యంతరం లేక ఆవిడ తలుపులు తీయించింది. ఊళ్ళోవాళ్ళు వరసగా మంచం పక్కనుంచి నడుస్తూ, రాజు ఉన్నాడో లేడో చూసుకుని వెళ్ళారు. పిల్లవాడు నిద్ర నటిస్తూ పడుకున్నాడంటారు.

'ఫ్రోంద్' అనే ఆ తిరుగుబాటుని 1648లో మొదలుపెట్టింది ఆకలిగొన్న రైతులు కాదు, పారిస్ న్యాయమూర్తులు. అక్కడి 'పార్లమా' మన పార్లమెంటు లాంటిది కాదు, ఉన్నత న్యాయస్థానం. రాజశాసనం వాళ్ళ రిజిస్టర్లోకి ఎక్కితేనే చెల్లుబాటు. ఆ ఉద్యోగాలు డబ్బిచ్చి కొనుక్కున్నవి. 1604 నుంచి, ఏటా ఉద్యోగం విలువలో అరవయ్యో వంతు కట్టేస్తే కొడుక్కి కూడా దక్కే మిరాసీ ఆస్తి అయింది. యుద్ధాల ఖర్చుకోసం రాజులే తెరిచిన అంగడి ఇది. తీరా అమ్మాక, కొన్నవాణ్ణి తీసెయ్యాలంటే వాడి సొమ్ము వాడికి తిరిగివ్వాలి. ఖజానాలో అంత డబ్బెక్కడిది?

అందుకని ప్రాంతాలకి 'ఇంటెండెంట్లు' అనే మరో రకం అధికారుల్ని పంపడం మొదలెట్టారు. వీళ్ళది కొనుక్కున్న పదవి కాదు, రాజు చేతి కాగితం. ఇష్టమైతే ఉంచుతాడు, లేకపోతే వెనక్కి పిలుస్తాడు. ఇరవై ఏళ్ళుగా కాంట్రాక్టు మీద కంపెనీలు తిరుగుతున్న నాకు ఈ అమరిక ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. హెడ్డాఫీసు కన్సల్టెంటుని పంపిస్తుంది, పర్మనెంటు ఉద్యోగులు ఫైళ్ళు దాచేస్తారు! 1648లో న్యాయమూర్తుల ముఖ్యమైన కోరికల్లో ఇంటెండెంట్లని తీసెయ్యమన్నది ఒకటి. చాలా ప్రాంతాల్లో తీయించేశారు కూడా. 1653లో గొడవలు చల్లారాక వాళ్ళు మెల్లిగా మళ్ళీ వచ్చారు.

1661లో ప్రధానమంత్రి మజారిన్ చనిపోగానే, ఇక ప్రధాని అక్కర్లేదని లూయీ తానే పాలన చేపట్టాడు. 1673లో, ముందు శాసనం రిజిస్టరు చెయ్యండి, అభ్యంతరాలు తర్వాత చెప్పుకోండి అని న్యాయమూర్తుల నోరు కట్టేశాడు. అంతేగాని వాళ్ళ కుర్చీల జోలికి పోలేదు. సుమారు రెండు కోట్ల జనం మీద ఇంటెండెంట్లు దాదాపు ముప్పైమంది. వాళ్ళకి సహాయకులు మళ్ళీ ఆ ఊరి పెద్దలే. 'తాయ్' అనే ప్రధాన పన్ను చాలాచోట్ల ప్రభువుల్ని వదిలేసి రైతు మీద పడేది. పెద్దవాళ్ళు నోరు మూసుకున్నందుకు ఖరీదు కట్టింది రైతు. యుద్ధాలు ముదిరాక, 1692లో, ఊళ్ళ మేయరు పదవులు కూడా అమ్మకానికొచ్చాయి. 1693, 94ల్లో పంటలు పోయి, కరువుకీ రోగాలకీ పది లక్షలమందికి పైగా పోయారు. ప్రభువులు కూడా కట్టాల్సిన తలపన్ను 1695లో గాని రాలేదు. అదీ యుద్ధం కోసమే.

తన తర్వాత గద్దెనెక్కేది పసివాడైన మునిమనవడని తెలిసి, 1714లో లూయీ వీలునామా రాశాడు. సంరక్షకుడయ్యే ఓర్లియాన్స్ డ్యూక్ చేతికి పూర్తి అధికారం పోకుండా కట్టుదిట్టాలు చేశాడు. దాచమని ఇచ్చింది ఎవరికనుకున్నారు? ఆ న్యాయమూర్తులకే. వాళ్ళు దాన్ని న్యాయస్థానం బురుజు గోడలో పెట్టి ఇనప తలుపు బిగించారు.

1715 సెప్టెంబరు 1న రాజు చనిపోయాడు. 2వ తేదీన వీలునామా చదివి, ఆ కట్టుదిట్టాలన్నీ పక్కన పెట్టేసి, డ్యూక్‌కి పూర్తి అధికారం ఇచ్చేశారు. ముందుగా అభ్యంతరం చెప్పే హక్కు న్యాయమూర్తులకి ఆ నెలలోనే తిరిగొచ్చింది.