కొండమీది విడిది, ఊరివారి పాలు

తెలకపల్లి ప్రాంతంలో మంచు అంటే పుష్యమాసపు తెల్లవారుజామున చేలమీద పరచుకొని, పొద్దెక్కగానే విడిపోయేదే. ఆ మంచును నమ్ముకొని ఒక ఊరు బ్రతకగలదంటే మన పెద్దలు నవ్వుతారు. కాని అమెరికాలో, మోంటానా రాష్ట్రంలోని వైట్‌ఫిష్ అనే రైల్వే ఊరు ఆ పని చేసి చూపినది.

1930 తరువాతి సంవత్సరాలలో ఆ ఊరి యువకులు కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకొని దగ్గరి కొండమీద మంచులో జారి ఆడుకునేవారు. ఆ పలకలకే స్కీలని పేరు. 1947లో షెంక్, ప్రెంటిస్ అనే ఇద్దరు ఉత్సాహవంతుల పూనికతో అక్కడ విహారకేంద్రానికై ఒక కంపెనీ ఏర్పడినది. ఊరివారు వాటాలు కొన్నారు. ఆ డిసెంబరులోనే ఆటగాండ్రను కొండపైకి లాగే యంత్రం కదలినది. 1949లో అమెరికా జాతీయ పోటీలు కొన్ని ఆ కొండమీదనే జరిగినవి.

అయితే వాటా అన్నది చేతులు మారే వస్తువు. 2004లో కంపెనీ తన వాటాలను కుదించినప్పుడు చిన్న వాటాదారులు పైకం పుచ్చుకొని తప్పుకోవలసి వచ్చినది. కొండ అక్కడనే ఉన్నది. ఊరి పట్టు సడలినది.

మన తెలుగునాట మంచుకొండలు లేవు, అడవికొండలున్నవి. రాజమహేంద్రవరం నుండి భద్రాచలం పోయే దారిలో మారేడుమిల్లి కోయలకు, కొండరెడ్లకు నెలవైన మన్యసీమ. కల్లు పన్నును, మన్సబుదారు దోపిడిని సహించలేక 1879లో రంప ప్రాంతం తిరగబడినది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని, అడవి వాడుకను మరింత కట్టడి చేసినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాను ముట్టడించినాడు. 1924 మే 7న ఆయన నేలకొరిగినాడు. అడవి ఎవరిదన్న ప్రశ్న మాత్రం మిగిలినది.

1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వన సంరక్షణ సమితులకు ఉత్తర్వు ఇచ్చినది. అడవిని కాపాడే గ్రామస్థులకు ఫలసాయంలో పాలు దక్కవలెనన్నది అందలి భావం. 2002లో ప్రపంచబ్యాంకు ఋణంతో ఈ ప్రయత్నం విస్తరించినది. ఆ త్రోవలోనే మారేడుమిల్లి చేరువ వాలమూరు సమితి అటవీశాఖ తోడ్పాటుతో యాత్రికులకొక విడిది నడపసాగినది. వాలిసుగ్రీవులు పోరాడిన చోటు ఇదేనని అక్కడివారు చెప్పుకుంటారు. ఒకనాడు కట్టెపుల్లకై అదలింపులు తిన్నవారి సంతతి నేడు అదే అడవిలో అతిథులకు దారి చూపుతున్నది. వెదురుబొంగులో కోడికూర వండి పెడుతున్నది.

ఇక్కడ వాటాపత్రాలు లేవు కనుక అమ్ముడుపోతాయన్న భయం లేదు. కాని నేల ప్రభుత్వానిది. సమితికి దక్కినది పనిలో పాలు, రాబడిలో పాలు. ఉత్తర్వుతో వచ్చిన పాలును మరొక ఉత్తర్వు తీసివేయవచ్చును. అడవిబిడ్డల హక్కును చట్టంగా గుర్తించినది 2006 నాటి అటవీ హక్కుల చట్టం. విడిదికి కట్టిన గోడలకంటె ఈ హక్కు గట్టి పునాది.

ఈ మాట మనకు దూరపు ముచ్చట కాదు. తెలకపల్లి నుండి తూర్పుగా పోతే అచ్చంపేట, ఆపైన నల్లమల, చెంచుపెంటలు. మన్ననూరు, ఫరహాబాదు చూడవచ్చే యాత్రికులు మనలోనూ ఉన్నారు. అక్కడ మనకు దారిచూపే చెంచు సోదరుడు కూలికి వచ్చినవాడా, పాలుగల వాడా అని ఒక్కసారి అడిగి తెలుసుకొనడం అతిథి ధర్మం.