ఏఆర్‌టీ మందులు వాడుతున్నారా? తుంటి, నడుము నొప్పిని దాచుకోకండి

వేరుశనగ చేలో రోజంతా వంగి పనిచేస్తే నడుము పట్టేయడం కర్నూలు, కడప పల్లెల్లో మామూలే. అందుకే హెచ్‌ఐవీకి మందులు వాడేవారు కూడా నొప్పి వస్తే మెడికల్‌ షాపులో మాత్ర కొనుక్కునో, ఆర్‌ఎంపీతో సూది వేయించుకునో సరిపెట్టుకుంటారు. అసలు సంగతి నలుగురికీ తెలుస్తుందన్న భయం మరో కారణం. కానీ హెచ్‌ఐవీ విషయం చెప్పకుండా తీసుకునే మాత్ర, సూది ఒక్కోసారి నొప్పి కంటే ఎక్కువ హాని చేస్తాయి.

ఎముకలు ఎందుకు బలహీనపడతాయి?

చికిత్స మొదలైన తొలి రెండేళ్లలో ఎముక సాంద్రత సాధారణంగా 2 నుంచి 6 శాతం వరకు తగ్గుతుంది. తర్వాత చాలామందిలో నిలకడగా ఉంటుంది. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్‌ ఉంటాయి. వీటిలో టెనోఫోవిర్‌ కొందరిలో మూత్రపిండాలపై ప్రభావం చూపుతుంది. దాంతో ఫాస్ఫేట్‌ మూత్రంలో పోయి ఎముకలు మెత్తబడతాయి. పొగాకు, మద్యం, తక్కువ బరువు, విటమిన్‌ డి లోపం దీన్ని పెంచుతాయి. అలాగని మందు మానేయొద్దు. మానితే వైరస్‌ మళ్లీ పెరుగుతుంది. టెనోఫోవిర్‌ పడనివారికి డాక్టర్‌ వేరే మందు ఇస్తారు.

ఏ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు?

గజ్జల్లో నొప్పి, కుంటుతూ నడవడం, బాసింపట్టు వేసుకోలేకపోవడం: తుంటి బంతికి రక్తం అందక అది దెబ్బతింటోందేమో చూడాలి. తొలిదశలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. స్టెరాయిడ్లు, మద్యం ఈ ముప్పును పెంచుతాయి.

తగ్గని నడుము నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం: వెన్నెముక క్షయ కావచ్చు. కాళ్లలో బలం తగ్గితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మెడ, నడుము, కీళ్లు బిగుసుకుపోవడం: ఈ ప్రాంతంలో కొన్నిచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్‌ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు తాగకూడదు. మీరు తాగే నీటిని పరీక్ష చేయించండి.

ఈ మూడు తప్పులు చేయొద్దు

డైక్లోఫెనాక్‌ వంటి నొప్పి మాత్రలు రోజుల తరబడి సొంతంగా వాడొద్దు. టెనోఫోవిర్‌తో కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

కాల్షియం, ఐరన్‌ మాత్రలను ఖాళీ కడుపుతో టీఎల్‌డీతో కలిపి వేసుకోవద్దు. అలా చేస్తే డోలుటెగ్రవిర్‌ ఒంటికి సరిగా పట్టదు. టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాత కాల్షియం, ఐరన్‌ వేసుకోవచ్చు. లేదా అన్నీ భోజనంతో కలిపి తీసుకోవచ్చు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్‌ మందులను మాత్రం టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాతే వేసుకోవాలి, ముందే వేసుకుంటే 6 గంటలు ఆగి టీఎల్‌డీ వేసుకోవాలి. రాగి సంగటి, పాలు, పెరుగు తినడానికి అడ్డేమీ లేదు.

రిటోనావిర్‌ ఉన్న రెండో దశ మందులు వాడేవారు కీళ్లలో స్టెరాయిడ్‌ సూది వేయించుకునే ముందు ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి. రెండూ కలిస్తే స్టెరాయిడ్‌ ఒంట్లో పేరుకుపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా మీ ఏఆర్‌టీ కేంద్రానికే వెళ్లండి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఏఆర్‌టీ కేంద్రంతో పాటు ఎముకల విభాగం కూడా ఉంది. మీ ఏఆర్‌టీ పుస్తకం, వాడుతున్న మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి. క్రియాటినిన్‌ పరీక్ష ఎప్పుడు చేశారో అడగండి. శస్త్రచికిత్స అవసరమైతే ఎన్టీఆర్‌ వైద్యసేవ కౌంటర్‌లో వాకబు చేయండి. ఏఆర్‌టీ వాడుతున్న అర్హులకు ఎన్టీఆర్‌ భరోసా కింద నెలకు రూ.4,000 పింఛను ఉంది.

చికిత్స నిరాకరిస్తే?

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం నేరుగా వివక్షే. మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. 20 మంది, ఆపైన పనిచేసే ఆసుపత్రుల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్‌ చేయండి. ఊరందరికీ చెప్పాల్సిన పనిలేదు. మీకు మందు రాసే డాక్టర్‌కు చెబితే చాలు.