డాష్‌బోర్డు మీది మెరుపు: పాత కార్ల క్రోమ్ కథ

పోయిన ఎపిసోడ్‌లో హడావుడిగా చెప్పేసిన సంగతి ఒకటి ఉంది. ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

కువైట్ వచ్చిన కొత్తలో నేను ఒక గ్యారేజీలో హెల్పరుగా చేశాను. ఒకరోజు డెబ్బైల నాటి అమెరికన్ కారు ఒకటి వచ్చింది. లోపల డాష్‌బోర్డు చుట్టూ, తలుపుల మీద వెండిలా మెరిసే పట్టీలు. వాటికి మురికి పట్టింది. ఊళ్లో ఇత్తడి బిందె తోమినట్టు తోమితే సరిపోతుందనుకున్నా. స్టీలు పీచు, పాలిషు పేస్టు పట్టుకుని మొదలుపెట్టా. పది నిమిషాల్లో ఒక పట్టీ మీద మెరుపంతా పోయి, కింద నల్లటి ప్లాస్టిక్ తేలింది. ఆ నెల జీతంలో కోత పడింది. కోత సంగతి అలా ఉంచండి. పోయిన ఆ మెరుపు అసలు ఏమిటో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మనకు గిల్టు నగ తెలుసు. గిన్నెలకు కళాయి వేయడం తెలుసు. క్రోమ్ కూడా ఆ కుటుంబమే, పైపూత. 1920ల మధ్య దాకా కార్లకు నికెల్ పూత ఉండేది. అది కొన్నాళ్లకు పచ్చబడి మసకబారేది, మాటిమాటికి రుద్దాల్సి వచ్చేది. క్రోమ్ అలా మసకబారదు. అందుకే అమెరికా కంపెనీలు దాని వెంట పడ్డాయి. జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగాన్ని 1927 నుంచి 1958 దాకా నడిపిన హార్లీ ఎర్ల్‌కు క్రోమ్ పిచ్చి. 1958 బ్యూక్ కారు ముందు జాలీలో 160 క్రోమ్ పలకలు ఉండేవంటే చూడండి!

సరిగ్గా ఆ రోజుల్లోనే కువైట్ చేతికి డబ్బు వచ్చింది. బుర్గాన్‌లో నూనె దొరికింది 1938లో. యుద్ధం వల్ల ఆగి, మొదటి ఓడ బయలుదేరింది 1946 జూన్‌లో. 1950ల మొదట్లో ఒక బ్రిటిష్ సంస్థ నగరానికి కొత్త ప్లాన్ గీసింది. మనం రోజూ ఫోర్త్ రింగ్, ఫిఫ్త్ రింగ్ అంటామే, ఆ రింగు రోడ్ల పద్ధతికి మూలం అదే. 1957లో పాత మట్టి కోటగోడను కూల్చేశారు, దర్వాజాలు మాత్రం మిగిలాయి. గోడ పోయింది, రోడ్లు వచ్చాయి, రోడ్ల మీదికి పొడుగాటి అమెరికన్ కార్లు వచ్చాయి. అప్పటికి ఇక్కడ చెలామణిలో ఉన్నది మన రూపాయే. దీనార్ వచ్చింది 1961లో.

ఆ కార్ల లోపలంతా క్రోమే. హారన్ రింగు, రేడియో బుడిపెలు, అద్దం దించే హ్యాండిలు, స్పీడోమీటరు చుట్టూ ఉండే పట్టీ. వీటిలో ఎక్కువ భాగం జింకు మిశ్రమంతో పోత పోసినవి. దాని మీద రాగి, రాగి మీద నికెల్, చిట్టచివర క్రోమ్. ఆ చివరి పొర మందం మైక్రానులో పావువంతో, సగమో. మన వెంట్రుకలో అది వందో వంతు కూడా ఉండదు. కింద నికెల్ సరిగ్గా లేకపోతే పైన క్రోమ్ ఎంత వేసినా దండగే.

1968 జనవరి నుంచి అమెరికాలో కొత్త నిబంధన వచ్చింది. ఎండ తగిలి డ్రైవరు కళ్లలో కొట్టకుండా హారన్ రింగు, వైపరు చేతులు, ముందు అద్దం లోపలి పట్టీల మెరుపు తగ్గించాలన్నారు. మరోవైపు ఖర్చు కలిసొస్తుందని చాలా చోట్ల ప్లాస్టిక్ వచ్చింది. ప్లాస్టిక్ ముక్కను గాలి తీసేసిన గదిలో పెట్టి, అల్యూమినియాన్ని ఆవిరి చేసి పూస్తారు, పైన లక్క లాంటి వార్నిష్ వేస్తారు. చూపుకు క్రోమే, కానీ అందులో క్రోమ్ చుక్క లేదు. నేను తోమింది దాన్నే.

కువైట్ వేడిలో ఇలాంటి పట్టీలు త్వరగా పాడవుతాయి. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అద్దాలు మూసిన కారు లోపల ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ సాగినంతగా పైపూత సాగదు, పగుళ్లిస్తుంది. ఇక 1990 ఆగస్టు 2 తర్వాత ఇరాక్ సైన్యం చాలా కార్లను పట్టుకెళ్లింది. మిగిలిన వాటి మీద 1991 నవంబరు దాకా తగలబడ్డ నూనె బావుల మసి. అందుకే అసలు పట్టీలతో మిగిలిన పాత కారంటే యజమానికి ప్రాణం. వీలైతే షువైక్‌లోని పాత కార్ల మ్యూజియానికి వెళ్లి, కార్ల లోపలికి తొంగి చూడండి.

అలాంటి కారు మీ చేతికొస్తే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకుండా బరువుగా, చల్లగా ఉంటే జింకు కావచ్చు. తేలికైతే ప్లాస్టిక్. ప్లాస్టిక్‌ను సబ్బునీళ్లు, మెత్తటి బట్టతో తప్ప ముట్టుకోవద్దు. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనరు కూడా ఆ పూతను తినేయగలదు. ఉక్కు మీద చిన్న తుప్పుకు అల్యూమినియం ఫాయిల్‌ను తడిపి మెల్లగా రుద్దితే చాలు. జింకు మీద పొక్కులు లేస్తే రుద్దుడు పనిచేయదు. పాత పొరలన్నీ ఊడదీసి, గుంటల్ని రాగితో నింపి, సాన పట్టి, మళ్లీ నికెల్, క్రోమ్ వేయాలి. జింకు ఆమ్లంలో కరిగిపోతుంది, తొట్టిలో కాస్త ఎక్కువసేపు ఉంచినా ముక్క పాడవుతుంది.

ఆ తొట్టి గురించే అసలు చెప్పాలనుకున్నా. కారు మీదున్న క్రోమ్ మనల్ని ఏమీ చేయదు. పూత వేసే నారింజ రంగు ద్రావణం వేరే సంగతి. కరెంటు పెట్టగానే బుడగలు లేచి, సన్నటి తుంపర గాల్లోకి వస్తుంది. అది పీల్చిన వాళ్లకు ముక్కు మధ్య గోడకు పుండు పడి చిల్లు పడుతుంది, చేతుల మీద మానని గుంటలు పడతాయి. ఈ సంగతి 1928లోనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగం నివేదికలో అచ్చయింది, అంటే కార్లకు క్రోమ్ మొదలైన రెండు మూడేళ్లకే! అయినా ఆ తర్వాత ముప్పై ఏళ్లు క్రోమ్ పెరుగుతూనే పోయింది. 1990 నాటికి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రకం క్రోమియాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 2023లో కాలిఫోర్నియా అలంకారపు పూతలకు దీన్ని దశలవారీగా ఆపాలని నిర్ణయించింది. బదులుగా ప్రమాదం తక్కువైన మరో రకం క్రోమ్ ద్రావణం ఉంది. రంగు కొంచెం తేడాగా ఉంటుందని పాత కార్ల వాళ్లు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

మీలో ప్లేటింగ్ షాపులో పనిచేసేవాళ్లు ఉంటే తొట్టి దగ్గర గాలి లాగే ఫ్యాను లేకుండా నిలబడకండి. మూతికి కట్టుకున్న గుడ్డ తుంపరను ఆపదు. గ్లవ్స్ చిరిగితే అప్పుడే మార్చండి, తిండి అక్కడ తినొద్దు. ముక్కు లోపల పొక్కు కట్టడం, మాటిమాటికి రక్తం రావడం ఉంటే క్లినిక్కుకు వెళ్లండి. వెళ్లినప్పుడు క్రోమ్ పూత పని చేస్తున్నానని డాక్టరుకు మీరే చెప్పండి. చెప్పకపోతే దుమ్ము వల్ల అనుకుని చుక్కల మందు రాసి పంపేస్తారు, కువైట్‌లో దుమ్ము పడనివాళ్లెవరు!