గుత్తిలో లేని గుత్తి సాలీడు

శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలెపురుగన్న సంగతి మా ప్రాంతంలో పలక పట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. తన దారంతో శివునికి గుడులూ గోపురాలూ అల్లిన ఆ భక్తురాలి కథను ధూర్జటి కావ్యంగా మలచాడు. ఊర్ణనాభి అన్నా, తంతువాయమన్నా, మన సాలెపురుగన్నా అన్నీ నేతపనిని బట్టి వచ్చిన పేర్లే. అయితే ఈ వ్యాసం వల పన్నని సాలీడును గురించి. అది చెట్టుతొర్రలో చేరి, తొర్ర లోపలి గోడకు పట్టుపొర పరచుకొని, చీకటి పడ్డాక వాకిట కూర్చొని, దగ్గరకు వచ్చిన పురుగును పట్టి తింటుంది. పెద్దది కాళ్ళు చాపితే మనిషి అరచేయంత ఉంటుంది. లోకం దానిని టరాంటులా అంటున్నది.

ఈ పేరులోనే మొదటి తిరకాసు ఉన్నది. ఇటలీలో టరాంటో అనే రేవుపట్టణం ఉన్నది. ఆ పరిసరాలలో నేలబొరియలలో ఉండే ఒక సాలీడుకు ఊరిపేరు అంటుకొన్నది. లిన్నేయస్ కూడా 1758లో ఆ పేరే ఖాయం చేశాడు. తరువాత ఐరోపావారు అమెరికా ఖండంలో ఒళ్ళంతా నూగుతో ఉన్న భారీ సాలీళ్ళను చూసి, అవి వేరే కుటుంబానివని తెలియక, అదే పేరుతో పిలిచారు. చివరకు అసలు టరాంటో సాలీడు ఈనాటి లెక్కలో టరాంటులా కాకుండా పోయింది! పేరు ఒకచోట, పేరు గలది మరొకచోట. మన గుత్తి సాలీడుకూ సరిగ్గా ఇదే జరిగింది.

శ్రీహరికోటకు ఎదురుగా ఉన్న సూళ్ళూరుపేటలో నేను చాలాకాలం తెలుగు చెప్పాను. అప్పటి శిష్యుడొకడు, ఇప్పుడు విదేశంలో ఉంటూ ఈ పెద్ద సాలీళ్ళను పెంచుతున్నవాడు, ఇటీవల నాకు ఉత్తరం వ్రాశాడు. "అయ్యవారూ, మొదటిసారిగా ఒక జాతికి సంతానోత్పత్తి చేయించాలనుకొంటున్నాను. మన సీమ పేరు గలది కదా, గుత్తి నీలిసాలీడునే ఎంచుకోనా?" అని ప్రశ్న. విభక్తులూ సమాసాలూ చెప్పినవాణ్ణి సాలీళ్ళ పెండ్లికి పొంతన చూడమనడం వింతే. కానీ అతడు పేరును చూసి ఎంచుకొంటున్నాడు. పేర్ల సంగతి విచారించడం మా వృత్తిధర్మం గనుక పూనుకొన్నాను.

బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ 1899లో పీసిలోథీరియా అనే ప్రజాతిని గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. గ్రీకులో పొయికిలోస్ అంటే చిత్రవర్ణం, థెరియోన్ అంటే మృగం. ఫ్రెంచి పండితుడు సిమోన్ 1885లో పెట్టిన పేరది. 'చిత్రమృగం' అని మనం హాయిగా అనువదించుకోవచ్చు. భారతదేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప ఈ ప్రజాతి మరెక్కడా లేదు. పోకాక్ ఆ వ్యాసంలో వర్ణించిన కొత్త జాతులలో రెండు మనకు ముఖ్యం. ఒకటి లోహం వలె మెరిసే నీలి సాలీడు, మెటాలికా. దాని ఊరు గుత్తి అని వ్రాశాడు. రెండవది రాజసం గలది, రెగాలిస్. దాని ఊరు అరక్కోణం. నేటి చిత్తూరు జిల్లా అప్పటికి పుట్టలేదు, 1911లో ఏర్పడింది. అరక్కోణం అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. తిరుపతి నుంచి మద్రాసుకు రైలులో వెళ్ళినవారంతా దాటిన ఊరే.

గుత్తి, అరక్కోణం, రెండూ రైలు ఊళ్ళు కావడం కేవలం కాకతాళీయమని నేను అనుకోను. ఆనాటి సేకర్తల చూపు రైలుపట్టాల వెంబడే నడిచింది. గుత్తిలో ఆ నీలిసాలీడు దొరికింది అడవిలో కాదు, రైల్వేవారి కలపదొడ్డిలో! గుత్తి చుట్టూ రాళ్ళగుట్టలూ చేలూ తప్ప తొర్రలు పట్టిన మహావృక్షాల అడవి ఏదీ? అడవి నుంచి వచ్చిన దుంగలతో పాటు, తొర్రలోని కాపురంతో సహా, అది బండి ఎక్కి వచ్చి ఉంటుందని తరువాతివారు ఊహించారు. నాకు ఈ ఊహ నమ్మదగినదిగా తోస్తున్నది. రాకెట్లు రాకముందు శ్రీహరికోట కూడా మద్రాసు పొయ్యిలకు వంటచెరకు పంపిన దీవి. పడవలలో బకింగ్‌హాం కాలువ మీదుగా కట్టెలు వెళ్ళేవి. ఆ కట్టెల సందున ఎన్ని తేళ్ళూ జెర్రులూ సాలీళ్ళూ పట్నవాసానికి వెళ్ళాయో ఎవరు లెక్కించారు? వాటిలో ఏదో ఒకటి ఒక దొరగారి కంటబడి ఉంటే దానికి మద్రాసు పేరే స్థిరపడేది.

దొడ్డిలో దొరికిన ఆ ఒక్క నమూనా తరువాత నూటరెండేళ్ళు దాని జాడ లేదు. 2001లో నంద్యాల గిద్దలూరుల మధ్య నల్లమలలో, నరుకుడుకు బాగా దెబ్బతిన్న అడవిలో అది తిరిగి కనబడింది. గుత్తికి ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరం. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దానిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. అది ఉన్నట్టు తెలిసిన చోటు మొత్తం నూరు చదరపు కిలోమీటర్ల లోపే. అదే సంఘం అరక్కోణపు రెగాలిస్‌ను మాత్రం ప్రస్తుతానికి ఆందోళన అక్కరలేని వర్గంలో ఉంచింది.

జాడ తెలిసిన కొద్దికాలానికే ఆ నీలిసాలీడు ఐరోపాలో, అమెరికాలో గాజుపెట్టెలలో తేలింది. తొలిరోజులలో ఒక్కొక్కటి వందల డాలర్లు పలికింది. పెంపకందారుల ఇళ్ళలో గుడ్లు పెట్టి పిల్లలు విస్తరించాక వెల పదుల డాలర్లకు దిగింది. ఈ అందానికి మూలం రంగుపదార్థం కాదు. నూగులోని అతిసూక్ష్మమైన నిర్మాణం వెలుగును విరిచి నీలాన్ని పుట్టిస్తుంది. టరాంటులాలలో ఈ నీలం కనీసం ఎనిమిదిసార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. ఆ నీలమే దాని పాలిట శత్రువైంది. 2019లో జెనీవా సమావేశంలో పీసిలోథీరియా ప్రజాతి యావత్తూ సైటీస్ రెండవ అనుబంధానికి ఎక్కింది. అంటే అనుమతిపత్రం లేనిదే దేశం సరిహద్దు దాటరాదు.

ఇక పొంతన సంగతి. ఈ సాలీళ్ళలో మగది కడపటి కుబుసం విడిచిన తరువాత మరి పెరగదు. కొద్ది నెలలు తిరిగి మరణిస్తుంది. ఆడది పెద్దదయ్యాక కూడా కుబుసం విడుస్తూ ఏళ్ళ తరబడి బ్రతుకుతుంది. ఒక తిత్తిలో పుట్టిన అన్నకూ చెల్లెలికీ జత కుదరకుండా ప్రకృతే అడ్డు పెట్టింది, ఎందుకంటే మగవి ముందే ఈడేరి ముందే పోతాయి. జతకట్టిన తరువాత గుడ్లు పెట్టకముందే ఆడది కుబుసం విడిచిందా, బీజం దాచుకొన్న సంచి పొరతో సహా ఊడిపోతుంది, శ్రమంతా వృథా. కనుక ఆడది కుబుసం విడిచి, కోలుకొని, కడుపునిండా తిన్న కాలమే లగ్నం. మెక్సికో ఎర్రమోకాలి సాలీడు శాంతమైనదే కానీ ఈడేరడానికి చాలా ఏళ్ళు పడుతుంది. మొదటి ప్రయత్నానికి అంత ఓపిక ఎక్కడిది? హోండూరస్ ప్రాంతపు ఉంగరాల నూగు సాలీడు సులువైనదంటారు. అయితే వందల పిల్లలు పుడతాయి. ప్రతి పిల్లకూ వేరే డబ్బా, వేరే మేత. చేతకాక పారవేయడం పాపం.

నేను రెగాలిస్ పేరు వ్రాశాను. రెండేళ్ళు అటూ ఇటూగా ఈడేరుతుంది. మగదానిని ఆడది వెంటనే చంపి తినడం తక్కువ. పొట్ట క్రింద అడ్డంగా లేతరంగు పట్టీ ఉండడం వలన దాయాదులతో కలిసిపోదు. ఈ పోలిక ఎంతో అవసరం, ఎందుకంటే ఈ ప్రజాతిలో దగ్గరి జాతులు ఒకదానితో ఒకటి కలిసి సంకరం పుట్టే ప్రమాదం ఉన్నది. ఒక చిక్కు మాత్రం ఉన్నది. వీటికి అమెరికా సాలీళ్ళ వలె దులిపే దురదనూగు లేదు, పరుగూ విషమూ ఉన్నాయి. కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. చేతిలోకి తీసుకొనే సరదా మొదట మానుకోవాలి.

గుత్తిదానిని ఎందుకు వద్దన్నానంటే అది కష్టమైనదని కాదు, నేడు చాలామంది చేయిస్తున్నదే. కానీ ఇళ్ళలో ఉన్న ఆ నీలిసాలీళ్ళన్నీ 2001 తరువాత ఆ కొద్దిపాటి అడవి నుంచి తరలినవాటి సంతతి. ఏ తల్లి ఏ చెట్టుదో వ్రాసుకొన్నవారు అరుదు. వంశవృక్షం తెలిసిన జతను సంపాదించడం అనుభవజ్ఞునికే కష్టం. మొదటిసారి చేసేవాడి పొరపాటుకు అక్కడ మూల్యం ఎక్కువ. రెగాలిస్ అయినా పెంపకంలో పుట్టిందేనని కాగితం చూపినవారి వద్దనే కొనమన్నాను. మన దేశంలో ఉన్నవారి మాట వేరు. 2022 సవరణతో సైటీస్ జాబితాలోని ప్రాణులకు మన వన్యప్రాణి చట్టంలో ప్రత్యేకంగా ఒక షెడ్యూలు వచ్చింది. అడవి నుంచి పట్టితేవడమైతే తలపెట్టకూడని పని.

పుట్టి పెరిగిన పిల్లలను నల్లమలకు తిరిగి పంపవచ్చు కదా అని కొందరు పెంపకందారులు అంటారు. ఎక్కడికి పంపాలి? ఆ సాలీడుకు కావలసింది తొర్ర. తొర్ర పడేది ముదురు చెట్టుకు. వంటచెరకు కోసం ముందుగా పడేది కూడా, కలపకు పనికిరాదని తొర్ర పట్టిన ఆ చెట్టే. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్ళే రైలు ఇప్పటికీ ఆ అడవి మధ్య నుంచే సాగుతుంది. గాజులపల్లె దాటాక కిటికీ ప్రక్కన కూర్చొన్నవారు సన్నని కర్రల వంటి చెట్లే ఎక్కువగా చూస్తారు. బోదె లావుగా ఉన్నది ఎప్పుడో ఒకటి కనబడుతుంది.