నిజాం షుగర్స్

నిజాం షుగర్స్, నిజామాబాదు జిల్లా బోధన్ పట్టణంలోని శక్కర్‌నగర్‌లో 1930వ దశకం చివర నిజాం ప్రభుత్వ హయాంలో నెలకొల్పబడిన చక్కెర కర్మాగారం. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరొందినది. మంజీర నదిపై కట్టిన నిజాంసాగర్ కాలువల నీరు ఇక్కడి చెరకు సాగుకు ఆధారం. ఉర్దూలో శక్కర్ అనగా చక్కెర. కర్మాగారం చుట్టూ వెలసిన పేటకు ఆ పేరే స్థిరపడింది.

ప్రైవేటీకరణ

2002లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం బోధన్, ముత్యంపేట, మంభోజిపల్లి యూనిట్లలో 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించగా నిజాం దక్కన్ షుగర్స్ ఏర్పడింది. మిగిలిన 49 శాతం ప్రభుత్వానిదే. కర్మాగారాన్ని ప్రభుత్వమే తిరిగి స్వాధీనం చేసుకోవాలన్నది కార్మికుల, చెరకు రైతుల ప్రధాన కోరికగా ఉండేది.

లేఆఫ్

2015 డిసెంబరులో యాజమాన్యం మూడు యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించింది. దీనిని మూసివేత అనడం వాడుకే గాని చట్టం దృష్టిలో రెండూ వేరు. అప్పుడు అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లేఆఫ్ అనగా తాత్కాలికంగా పని చూపలేకపోవడం. ఆ కాలంలో అర్హులైన కార్మికులకు మూలవేతనం, కరువుభత్యాలలో సగం చెల్లించవలసి ఉంటుంది; ఉద్యోగ సంబంధం తెగిపోదు. మూసివేతలోనైతే ఉద్యోగం ముగుస్తుంది, పూర్తిచేసిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. శక్కర్‌నగర్ కార్మికులు ఈ రెంటి నడుమ చిక్కుకున్నారు. పని లేదు, ఉద్యోగం పోయిందని తేలనూ లేదు. జీతాల బకాయిల కోసం ఏళ్ళ తరబడి ఆందోళనలు జరిగాయి. చెరకు రైతులు కొందరు దూరపు కర్మాగారాలకు పంట తరలించగా, పలువురు వరికి మళ్ళారు.

2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ సంస్థ లిక్విడేషన్‌కు ఆదేశించింది. కర్మాగారాల పునరుద్ధరణను పరిశీలించడానికి తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరిలో ఒక కమిటీని నియమించింది.