పుట్టినింటి ఆడపడుచా, మెట్టినింటి కోడలా? – సానియా మీర్జా పట్ల లోకదృష్టి

2005 ఫిబ్రవరిలో హైదరాబాదు ఓపెన్ నెగ్గి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా సానియా మీర్జా నిలిచారు. ఆ ఏడాదే ఆమె క్రీడాదుస్తులను కొందరు మతపెద్దలు ఆక్షేపించారు. 2010లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను వివాహమాడారు. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఆమెను ప్రచారకర్తగా నియమించగా, భాజపా శాసనసభాపక్ష నేత కె. లక్ష్మణ్ ఆమెను పాకిస్తాన్ కోడలన్నారు. తెలుగునాట పెండ్లయినా కూతురు పుట్టింటి ఆడపడుచే. సారె, పసుపుకుంకుమలు ఆమెకు చెల్లుతాయి. సానియాకు మాత్రం మెట్టినిల్లే గుర్తింపయింది. మగ ఆటగాణ్ణి ఎవరింటి అల్లుడవని అడిగే ఆచారం మనకు లేదు కదా!

2015లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానం దక్కింది. మరుసటి ఏడాది ఒక టెలివిజన్ ముఖాముఖిలో ఆమెకు ఎదురైన ప్రశ్న: స్థిరపడేదెప్పుడు, తల్లయ్యేదెప్పుడు? ఆమె నిలదీయగా, పురుషులను అలా అడగనని ఒప్పుకొని, పాత్రికేయుడు రాజ్‌దీప్ సర్దేశాయి అక్కడే క్షమాపణ చెప్పారు.